మీకు తెలుసా? తేనెటీగది ఆరున్నర శ్రుతి!

పక్షి పాటను మొట్టమొదట రికార్డు చేసిందెవరో తెలుసా? పెద్ద శాస్త్రవేత్త అనుకుంటున్నారా? కాదు. ఎనిమిదేళ్ల పిల్లాడు! 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే బుడతడు మైనపు సిలిండర్ మీద ఓ పిట్ట పాటను పట్టేశాడు. మనకు తెలిసినంతలో ప్రపంచంలో అదే మొదటిది. ఇంకో ముచ్చట వినండి. ఆ పాడిన పిట్ట శామా. మన అడవుల్లో ఉండే పిట్టే!

పాపాయికి తాళం ఎప్పుడు తెలుస్తుంది? మాటలొచ్చాకా? నడక వచ్చాకా? అబ్బే! పుట్టిన 2, 3 రోజులకే తెలిసిపోతుంది! అంత పసికందులు నిద్రపోతుంటే శాస్త్రవేత్తలు పక్కన దరువు వినిపించి చూశారు. మధ్యలో ముఖ్యమైన దెబ్బ ఒకటి తప్పించారు. పాప కళ్లు తెరవలేదు. మెదడు మాత్రం ‘ఇక్కడేదో తప్పింది’ అని పట్టేసింది!

మన సరిగమలు ఓ చిన్న జంతు ప్రదర్శనశాల అంటే నమ్ముతారా? స్వరాలు 7, జీవాలూ 7! షడ్జం నెమలిదట. రిషభం ఎద్దుది. గాంధారం మేకది, మధ్యమం క్రౌంచపక్షిది. పంచమం ఎవరిదో మీరే చెప్పేశారు కదూ? కోకిలది! ధైవతం గుర్రానిది, నిషాదం ఏనుగుది. మన పెద్దలు చెప్పుకొచ్చిన మాట ఇది. నాలుగేళ్ల పిల్లకు ‘స’ అంటే ఏం తెలుస్తుంది? ‘నెమలిలా పిలువు’ అనండి. మెడ సాచి మరీ పిలుస్తుంది! ‘ఏనుగు వచ్చింది’ అనండి. చెయ్యి తొండమైపోతుంది, గొంతు ఘీంకరిస్తుంది. సంగీతం పాఠం మొదలైపోయినట్టే!

ఇది మాత్రం చెవిలో చెప్పాల్సిందే. తేనెటీగ ఎగిరేటప్పుడు సెకనుకు సుమారు 230 సార్లు రెక్కలాడిస్తుంది. ఆ జుమ్మే దాని పాట! హార్మోనియం మీద వెతికితే ఆరున్నర శ్రుతి పక్కనే దొరుకుతుంది! శ్రుతిపెట్టె పెట్టి, పిల్లల్ని పెదాలు మూసుకుని ‘మ్‌మ్‌మ్’ అనమనండి. గదంతా తేనెపట్టే! బుగ్గల్లో కితకితలు పుడతాయి. పిల్లలు నవ్వాపుకోలేరు. నవ్వనివ్వండి.

గదిలో వాన కురిపించడం వచ్చా మీకు? పైసా ఖర్చు లేదు! 30 మంది పిల్లలుంటే చాలు. ముందు అరచేతులు రుద్దాలి. సరసర... గాలి వచ్చేసింది! అరచేతిలో ఒక్క వేలితో కొట్టాలి. టప్ టప్... చినుకులు! రెండు చేతులా తొడల మీద చరచాలి. జడివాన! కాళ్లతో నేలను దడదడలాడించాలి. ఉరుములు! ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి. వాన వెలిసిపోతుంది. అసలు రహస్యం ఇంకా చెప్పలేదు. అందరూ కలిసి ఒకే తాళంలో కొడితే అది వానలా ఉండదు! ఎవరికి వారు ముందూ వెనకా కొట్టాలి. నిజం చినుకులు తాళం చూసుకుని పడతాయా మరి? తాళం తప్పితే మెచ్చుకునే సంగీతం ఇదొక్కటే. బెరుకు పిల్లలకు ఇంతకు మించిన ఆట నాకు తెలీదు!

వానంటే గుర్తొచ్చింది. మెరుపు ఎంత దూరంలో ఉందో మూడేళ్ల పిల్లాడితో కొలిపించవచ్చు! ఇంట్లోనే కూర్చోండి. మెరుపు మెరవగానే చప్పట్లతో లెక్క మొదలుపెట్టండి. సెకనుకోసారి చప్పట్లు. ఉరుము వినపడగానే ఆపండి. ప్రతి 3 సెకన్లకూ ఒక కిలోమీటరు! ఉరుముతో పాటు బోర్లించిన బకెట్ మీద వాడూ ఓ దెబ్బ వేస్తాడు చూడండి!

ఒక గాజు సీసా, కొన్ని నీళ్లు. అంతే సరంజామా! సీసాను చెంచాతో కొట్టండి. నీళ్లు పోసేకొద్దీ స్వరం దిగుతుంది. ఇప్పుడు అదే సీసా మూతి మీద ఊదండి. నీళ్లు పోసేకొద్దీ స్వరం పైకెక్కుతుంది! సీసా 1, స్వరం దారులు 2! కొడితే గాజూ నీళ్లూ కలిసి కదులుతాయి. ఊదితే పైనున్న గాలి పలుకుతుంది. పెద్దలు కూడా నోరెళ్లబెడతారు!

రోడ్డు పక్కన తురాయి చెట్టుందా? కింద వెతకండి. ఎండిన కాయ ఒక్కోటి 60 సెంటీమీటర్ల వరకు ఉంటుంది! ఊపితే గలగల! కరీబియన్ దీవుల్లో దీన్ని నిజంగానే వాయిద్యంగా వాడతారు. అక్కడ దాని పేరే షాక్‌షాక్! మనం మాత్రం ఊడ్చి పారేస్తున్నాం.

తోడేలు ఎలా వినిపించాలి? రష్యా స్వరకర్త ప్రొకోఫీవ్ 1936లో పిల్లల కోసం తేల్చేశారు. మూడు ఫ్రెంచ్ హార్న్‌లు కలిపి ఊదించారు! పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్. ‘పీటర్ అండ్ ది వుల్ఫ్’ అంటే అదే! మీ వంటింట్లో స్టీలు డబ్బా ఏ జంతువు? పిల్లల్నే అడగండి. జవాబు మీ ఊహకు అందదు!

నిశ్శబ్దం కూడా ఆటే! ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరికి అది నేర్పిన గురువు వయసెంతో తెలుసా? 4 నెలలు! కదలకుండా ఉన్న ఆ పాపను చూపించి, ‘ఇంత నిశ్శబ్దంగా మీరు ఉండగలరా?’ అని పిల్లల్ని అడిగారట. అందరూ బిగుసుకుపోయారు! గది ఊరకుంటేనే కదా, కిటికీ అవతల ఆకు కదిలిన చప్పుడు చెవికి చేరేది.

కప్పల బెకబెకలు అంతరిక్షంలో ఉన్నాయి! నిజం! 1977లో బయల్దేరిన వాయేజర్ నౌకల్లోని బంగారు రికార్డులో కప్పలున్నాయి, కీచురాళ్లున్నాయి, వానా గాలీ ఉరుమూ ఉన్నాయి. పలకరింపుల్లో మన తెలుగూ ఉంది! పిల్లలతో కప్పపాట పాడించేటప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి. రెట్టింపు గట్టిగా పాడతారు!

చిన్నపిల్లల చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది! వయసు పెరిగేకొద్దీ మనకు పైస్వరాలు జారిపోతాయి. తాతయ్యకు వినపడని కీచురాయి మనవరాలికి వినపడవచ్చు! ‘అక్కడేం లేదులే’ అని కొట్టిపారేయకండి.

అంత గొప్ప చెవి కదా, జాగ్రత్త! పిల్లలు వినే శబ్దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 75 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలకు మించకుండా. సెలయేటి రికార్డింగైనా సరే, స్పీకరు హోరెత్తిస్తే అది సెలయేరు కాదు!

చుట్టూ ఉన్న శబ్దాలను వినడానికే ఏడాదిలో ఓ రోజుంది. జూలై 18! కెనడా స్వరకర్త ముర్రే షేఫర్ పుట్టినరోజు అది. అప్పటికి మన ఊళ్లలో వానలు పడుతుంటాయి, కప్పలు కచేరీ పెట్టేసి ఉంటాయి. ఫోను లోపల వదిలేసి పిల్లల్ని గుమ్మంలోకి తీసుకురండి. ఐదు నిమిషాలు వినండి. విన్నదంతా వాళ్ల నోటితోనే పాడించండి!