కడలి పొలిమేరకు ఐదుగురు రాణుల కావలి

పుట్టపర్తి: 2021 నవంబరులో చిత్రావతి ఒక్కసారిగా పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద పదిమంది వరదలో చిక్కుకుపోయారు. చివరకు వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి వారిని ఒడ్డున చేర్చింది. ఆ సంగతి ఈ ప్రాంత ప్రజలు ఇంకా మరచిపోలేదు.

ఏటిలో చిక్కినవాడికి గట్టయినా కంటికి కనిపిస్తుంది. కేకేస్తే వినేవారుంటారు. మరి ఏ గట్టూ కనిపించని సముద్రంలో మరపడవ ఇంజను ఆగిపోతే అందులోని జాలరుల గతి ఏమిటి? వారిని ఆదుకునేదెవరు?

అందుకోసం ఉన్నదే తీర రక్షక దళం. జనం నోట కోస్టుగార్డు. 1977 ఫిబ్రవరి 1న ఈ దళం పని మొదలైంది. 1978 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దానికి పూర్తి రూపం వచ్చింది. తెల్లని ఓడ, దానిపై ఏటవాలుగా నారింజ, నీలి రంగు పట్టీలు దీని గుర్తు.

చేనుకు కావలి వంటిదే

వేరుశనగ చేను పండే వేళకు రైతు రాత్రంతా పందుల కోసం కావలి కాస్తాడు. తీరానికి దగ్గరగా తిరిగే గస్తీ నౌకల పని కూడా అటువంటిదే. పెద్ద ఓడలు దూర సముద్రంలో తిరుగుతాయి. ఈ చిన్న నౌకలు ఒడ్డు దాపునే ఉండి దొంగ రవాణాను పట్టుకోవడం, అనుమానం కలిగించే పడవలను ఆపి సోదా చేయడం, తుపానులో చిక్కిన వారిని గాలించి రక్షించడం వంటి పనులు చేస్తాయి.

ఇటువంటి నౌకలు ఐదింటిని తయారు చేసింది మన విశాఖపట్నమే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన ఓడల కర్మాగారమే తరువాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. అక్కడ తయారైన తొలి ఓడ 'జల ఉష'ను 1948లో ప్రధాని నెహ్రూ నీటిలోకి దింపారు. ఆ యార్డులోనే ఈ గస్తీ నౌకలూ రూపు దిద్దుకున్నాయి.

ఒక్కో నౌక పొడవు సుమారు 51 మీటర్లు. వేగం 34 నాట్లు, అంటే గంటకు దాదాపు 63 కిలోమీటర్లు. హిందూపురం రోడ్డు మీద బస్సు పోయేంత వేగంతో నీటి మీద పోతుందన్నమాట. ముందు భాగాన 30 మిల్లీమీటర్ల తుపాకి ఉంటుంది.

దీన్ని నడిపే తీరు రైతులకు తేలికగానే అర్థమవుతుంది. బోరు మోటారు వేసి పైపు కొస పట్టుకుంటే నీటి ఉరవడికి చేయి వెనక్కు పోతుంది కదా! ఈ నౌక నడిచేదీ ఆ సూత్రం మీదనే. డీజిల్ ఇంజన్లు అడుగు నుంచి నీటిని లాగి వెనుకకు బలంగా చిమ్ముతాయి. ఆ తోపుకు నౌక ముందుకు దూసుకుపోతుంది. అడుగున రెక్కల చక్రాలు వేలాడవు కనుక లోతు తక్కువగా ఉన్నచోటికి కూడా రాగలదు.

ఆలస్యంగా వచ్చిన కావలి

ఈ ఐదు నౌకలకు 2006లో ఒప్పందం కుదిరింది. మొదటి నౌక సేవలో చేరింది 2012 జనవరిలో. ఐదవది 2018 జూన్‌లో. అంటే మొత్తం పన్నెండేళ్లు పట్టింది.

ఈ మధ్యలోనే, 2008 నవంబరులో, సముద్రం మీదుగా వచ్చిన ముష్కరులు ముంబైపై దాడి చేశారు. వారు దారిలో 'కుబేర్' అనే చేపల పడవను పట్టుకుని, అందులోని జాలరులను చంపి, ఆ పడవలోనే తీరం దాపుకు వచ్చారు. నాటికి ఈ ఐదింటిలో ఒక్క నౌక కూడా సేవలోకి రాలేదు. ఆ దాడి తరువాత, 2009లో, తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల వరకు, భద్రత బాధ్యతను కోస్టుగార్డుకే అప్పగించారు. కావలి ఎంత అవసరమో నష్టం జరిగాక గానీ తెలియలేదు.

పేర్లలో ఉన్న కథ

ఈ నౌకలన్నింటికీ రాణుల పేర్లు పెట్టడం విశేషం. మొదటిది రాణి అబ్బక్క. 16వ శతాబ్దంలో మంగళూరు దాపున ఉన్న ఉళ్లాలను ఏలుతూ పోర్చుగీసు వారిని ఎదిరించిన వీరవనిత ఆమె. రాక్షసి తంగడి యుద్ధానంతరం పెనుకొండ విజయనగర రాజులకు రాజధాని అయినదీ ఆ శతాబ్దంలోనే. మిగతావి అవంతీబాయి, దుర్గావతి, గైడిన్ల్యూ, రాశ్‌మణి. మొగలు సేనతో పోరాడి 1564లో ప్రాణమిచ్చిన రాణి దుర్గావతి. బ్రిటిషు వారిని ఎదిరించి పదహారేళ్ల ప్రాయంలో జైలుకు పోయిన నాగా వనిత గైడిన్ల్యూ.

చివరి నౌకకు పేరిచ్చిన రాశ్‌మణి కలకత్తా జమీందారిణి, దక్షిణేశ్వర ఆలయాన్ని కట్టించిన పుణ్యాత్మురాలు. కంపెనీ దొరలు గంగలో చేపలు పట్టేవారిపై పన్ను వేస్తే, ఆమె నదిలో కొంత భాగాన్ని కౌలుకు తీసుకుని అడ్డంగా గొలుసులు కట్టించిందట. ఓడలు ఆగిపోయాయి. దొరలు దిగివచ్చి పన్ను ఎత్తివేశారని చెబుతారు. జాలరుల కోసం నిలబడిన తల్లి పేరు జాలరులను కాచే నౌకకు పెట్టడం ఎంతైనా సముచితం.

ఆపదలో ఉన్న పడవ గురించి తెలిసినవారు ఎవరైనా, ఎక్కడి నుంచైనా, 1554 నంబరుకు ఫోను చేసి కోస్టుగార్డుకు చెప్పవచ్చు.

మన జిల్లాకు సముద్రం లేదు. అయినా మన చిత్రావతి పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఆ కొసన వల వేసుకునే మనిషి కూడా వాన కోసం, గాలి కోసం ఆకాశం వైపు చూసేవాడే. వరదలో చిక్కిన మనవారి కోసం ఆకాశంలో చప్పుడు వినిపించినప్పుడు కలిగిన ధైర్యమే, ఆ తెల్లని నౌక కనిపించినప్పుడు అతనికీ కలుగుతుంది.