క్లోమంలో కొవ్వు, కడుపులో నిప్పు

అన్ని కడుపునొప్పులూ గ్యాస్ కావు. ఒకసారి క్లోమం వాచిందంటే ప్రాణాల మీదికి తెచ్చేది లోపల పేరుకున్న కొవ్వే

శరద్ పూర్ణిమ మర్నాడు సూరత్‌లో చందీ పడవో. తాపీ నదికి పడమటనున్న అడాజన్‌లోనూ ఆ రాత్రి ఘారీదే రాజ్యం. కోవా, పిస్తా కూరి, నేతిలో వేయించి, పైన మళ్లీ నెయ్యి పట్టించిన మిఠాయి అది. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వలసవెళ్లి సూరత్‌లో స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలకూ ఈ సంబరం కొత్తకాదు. విందు తర్వాత పైకడుపులో నొప్పి వస్తే ఎవరైనా ముందు అనే మాట: ''గ్యాసే, తగ్గిపోతుంది.'' కానీ అది వీపులోకి పాకి, వాంతులతో గంటల తరబడి వేధిస్తే అనుమానించాల్సింది క్లోమాన్ని.

నిజానికి తప్పంతా ఆ రాత్రి తిన్న ఘారీది కాదు. క్లోమం వాపునకు ప్రధాన కారణాలు పిత్తాశయంలో రాళ్లు, మద్యం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 1,000 మిల్లీగ్రాములు దాటినా ముప్పే. అయితే రాజుకున్న నిప్పు ఎంతగా అంటుకుంటుందన్నది చాలావరకు క్లోమం లోపలా, చుట్టూ ఏళ్లుగా పేరుకున్న కొవ్వును బట్టి ఉంటుంది.

క్లోమం తయారుచేసే లైపేజ్ అనే ఎంజైమ్ పని పేగుల్లో కొవ్వును అరిగించడం. గ్రంథి దెబ్బతింటే అది దారితప్పి పక్కనున్న కొవ్వు కణాలనే కరిగిస్తుంది. అప్పుడు వెలువడే అసంతృప్త కొవ్వు ఆమ్లాలు క్లోమ కణాలకు విషం. అవి రక్తంలో కలిస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. అమెరికాలో విజయ్ సింగ్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన ఈ గుట్టు విప్పింది. స్థూలకాయమున్న ఎలుకల్లో లైపేజ్‌ను మందుతో అడ్డుకుంటే వాపు అంతగా ముదరలేదు.

ఊరటేమిటంటే, ఈ కొవ్వు కరుగుతుంది. బ్రిటన్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ బృందం మధుమేహ రోగులకు 8 వారాలపాటు రోజుకు దాదాపు 600 కెలొరీల ఆహారమిచ్చి చూసింది. క్లోమంలో కొవ్వు 8 నుంచి 6.2 శాతానికి తగ్గిందని 2011లోనే వెల్లడించింది. అలాగని సొంతంగా కడుపు మాడ్చుకోవడం ప్రమాదకరం. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడొచ్చు. వైద్యుల సలహాతో, నెమ్మదిగా తగ్గడమే మేలు.

పండుగనాడు ఒక ఘారీ తింటే కొంపమునగదు. ఏడాది పొడవునా పెరిగే నడుము చుట్టుకొలతతోనే చిక్కు.