సున్నా కానిదంతా నిజమే

మద్రాసు ఐఐటీలో రూపుదిద్దుకున్న శక్తి ప్రాసెసర్‌లో పూర్ణాంకాల లెక్కలకు విలువల్ని ఉంచుకునే 32 రిజిస్టర్లుంటాయి. వాటిలో మొదటిదానిలో ఏం రాసినా నిలవదు, ఎప్పుడు చదివినా సున్నాయే వస్తుంది. శక్తి అనుసరించే రిస్క్-ఫైవ్ పద్ధతిలోనే ఆ ఏర్పాటుంది. ఒక రిజిస్టర్‌ను ఊరికే వృథా చేశారనిపిస్తుంది గానీ, దానివల్ల ఒక పని ఎంతో చవగ్గా జరుగుతుంది. ‘ఈ విలువ సున్నాయా, కాదా’ అని చూసి దారి మళ్లడానికి ఒక్క ఆదేశం చాలు. ‘ఇది 1కి సమానమా’ అని చూడాలంటే మాత్రం ముందు 1ని మరో రిజిస్టర్‌లోకి తెచ్చుకోవాలి, ఆ తర్వాత పోల్చాలి.

యంత్రానికి మొదటి ప్రశ్నే సహజం. ప్రోగ్రాం రాసేవాళ్లు తరచూ రెండోది అడుగుతారు. అవునో కాదో చెప్పే ఫంక్షన్‌ను పిలిచి, వచ్చిన జవాబును మళ్లీ ‘ట్రూ’తో పోలుస్తారు. అలా రాస్తే అర్థం స్పష్టంగా ఉంటుందని కాలేజీ ల్యాబుల్లోనే అలవాటవుతుంది. చెన్నై ఓఎంఆర్ దారిలోని ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ అలవాటు ఎందుకు ప్రమాదమో వాళ్లకు ముందే తెలిస్తే మేలు.

డెనిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషను రూపొందించినప్పుడు అవును-కాదులకు విడిగా ఒక రకం పెట్టలేదు. సున్నా అయితే కాదు, మరే సంఖ్య అయినా అవును. అవును-కాదుల కోసం బూలియన్ అనే రకం 1999 ప్రమాణంతో గానీ రాలేదు. ఈలోగా ఎవరికి వారు ‘ట్రూ అంటే 1’ అని తమ ప్రోగ్రాముల్లో నిర్వచించుకున్నారు. చిక్కు అక్కడ మొదలైంది.

ఇచ్చినది ఇంగ్లిషు అక్షరమా అని చెప్పే ‘ఇజ్‌ఆల్ఫా’ ఫంక్షన్‌ను చూడండి. అవునైతే సున్నా కాని సంఖ్య ఇస్తానన్నదే దాని హామీ. 1 ఇస్తానని ఎక్కడా అనలేదు. మామూలు లినక్స్ కంప్యూటర్‌లో దానికి ‘ఎ’ ఇస్తే 1024 వస్తుంది. అంకెల్ని గుర్తించే ‘ఇజ్‌డిజిట్’ అయితే 2048 ఇస్తుంది. ఈ ఫంక్షన్లుండే లైబ్రరీ తన దగ్గర ఒక పట్టిక ఉంచుకుని, అందులో ఒక్కో గుణానికి ఒక్కో బిట్ కేటాయిస్తుంది. అడిగిన బిట్‌ను ఉన్నదున్నట్టు తీసి ఇచ్చేస్తుంది, దాన్ని 1గా మార్చే శ్రమ పెట్టుకోదు. 1024 సున్నా కాదు కాబట్టి జవాబు అవునే. దాన్ని ట్రూతో పోల్చామా, 1024కీ 1కీ పొత్తు కుదరదు. ‘ఎ’ అక్షరమే కాదని తేలుతుంది! ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడగాల్సిన చోట సరిగ్గా ఒక కిలో ఉన్నాయా అని అడిగితే ఇంతే. కంపైలర్ కూడా తప్పు పట్టదు.

ఈ పద్ధతి సితోనే పుట్టలేదు. జాన్ మెకార్తీ 1958లోనే లిస్ప్ భాషకు శ్రీకారం చుట్టారు. లిస్ప్‌లో ‘నిల్’ ఒక్కటే ‘కాదు’ కింద లెక్క, తక్కినదంతా ‘అవును’. కామన్ లిస్ప్‌లో ‘మెంబర్’ ఫంక్షన్ జాబితాలో వస్తువు దొరికితే ఉత్త అవును అనదు, దొరికిన చోటి నుంచి మిగిలిన జాబితానంతా చేతికిస్తుంది. ఎంత అందమైన ఏర్పాటు! అవును అనడంలోనే పనికొచ్చే సమాచారం కూడా వచ్చేసింది. పైథాన్‌లోనూ 2 అవును కిందే లెక్క, కానీ ట్రూతో పోలిస్తే సమానం కాదు. దాని అధికారిక శైలి సూచనలు కూడా ఈ పోలికను వద్దంటాయి.

జవాబును ఇరుకు పెట్టెలో కుక్కినా ప్రమాదమే. 2012లో మై-ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో బయటపడ్డ లోపం అలాంటిది. పాస్‌వర్డ్ సరిచూసేటప్పుడు వాడిన ‘మెమ్‌కంప్’ ఫంక్షన్ తనకిచ్చిన రెండు విలువలూ ఒకటే అయితే సున్నా, వేరైతే ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య చిన్నదిగానే ఉంటుందనుకుని ఒక బైట్‌లో పెట్టారు. కొన్ని కంప్యూటర్లలో 512 లాంటి సంఖ్య వచ్చినప్పుడు కింది 8 బిట్లూ సున్నాలే కదా, వేరనే జవాబు కాస్తా ఒకటేనన్న జవాబైంది. తప్పు పాస్‌వర్డ్‌తోనే పదేపదే ప్రయత్నిస్తే దాదాపు 256 సార్లలో ఒకసారి తలుపు తెరుచుకునేది. జవాబు సున్నాయా కాదా అని చూసి, ఆ ఫలితాన్నే వెనక్కి పంపేలా తర్వాత దిద్దారు.

అయితే జవాబులు నిజంగా రెండేనా అన్నది ముందు చూసుకోవాలి. ఓపెన్-ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో డిజిటల్ సంతకాన్ని పరీక్షించే ఫంక్షన్ సరిపోతే 1, సరిపోకపోతే 0, పరీక్షే సాగకపోతే -1 ఇచ్చేది. దాన్ని పిలిచిన కోడ్ సున్నా కాదు కదా అని -1ని కూడా అవును కింద జమకట్టింది. సంతకాన్ని కావాలని చెడగొట్టి పంపిన మోసపు సర్వర్ కూడా అసలుదిగా చెలామణి కాగలిగేది. 2009 జనవరిలో ఈ లోపాన్ని ప్రకటించి సరిచేశారు. జవాబు సున్నా అయినా, అంతకు తక్కువైనా సంతకాన్ని తిరస్కరించేలా ఆ షరతును మార్చారు.