తెరపై గురువు.. శ్రుతి కలిసేదెలా?
సాగరాల ఆవలి శిష్యులకు సంగీత పాఠాలు
ఆలస్యమే అసలు చిక్కు అవగాహనతోనే మేలు

రామంతాపూర్: తార్నాక, రామంతాపూర్ పరిసరాల్లో ఉదయం 6.30 గంటలకు సరళీ స్వరాలు మొదలైతే, వేసవిలో కాలిఫోర్నియాలో అప్పటికి ముందురోజు సాయంత్రం 6 గంటలు. బడి నుంచి వచ్చిన చిన్నారి అక్కడ, స్నానపానాదులు ముగించిన గురువు ఇక్కడ. ప్రవాసాంధ్రుల పిల్లలకు అంతర్జాలం ద్వారా కర్ణాటక సంగీతం నేర్పే విధానం ఏనాడో మొదలైనా, 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించాక పక్క వీధి శిష్యులు సైతం తెర ముందుకు చేరారు. అనంతరం చాలామంది గురువు ఇంటికి తిరిగి వచ్చినా, దూరదేశాల వారికి తెరే ఆధారం.

దూరప్రాంతాలకు పాటను పంపడం రామంతాపూర్‌కు కొత్త కాదు. 1977లో ప్రసారాలు ప్రారంభించిన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ఇక్కడే నెలకొని ఉంది. అయితే టీవీలో పాట ఒకవైపే ప్రయాణిస్తుంది. శిష్యుడి తప్పు గురువు చెవిన పడదు. అంతర్జాలం ఆ లోటు తీర్చింది. కానీ మరో చిక్కు తెచ్చిపెట్టింది.

లయ ఎందుకు జారుతుంది?

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకు 13 వేల కిలోమీటర్లకు పైగా దూరం. అంటే స్వరం చేరడానికి కనీసం 65 మిల్లీసెకన్లు, అక్కడి నుంచి బదులు రావడానికి మరో 65 పడుతుంది. తీగల వంపులు, పరికరాల జాప్యం దీనికి అదనం. ఇద్దరు కలిసి పాడాలంటే జాప్యం 30 మిల్లీసెకన్లు మించితే కష్టం. వేదికపై పది మీటర్ల దూరంలో కూర్చున్నవారి మధ్య ఉండే ఆలస్యం అది.

అందుకే తెరపై తాళం వేస్తూ కలిసి పాడితే శిష్యుడు వెనకబడినట్లు గురువుకు వినిపిస్తుంది. గురువు నెమ్మదిస్తే శిష్యుడూ నెమ్మదిస్తాడు. క్రమంగా లయ జారిపోతుంది. ఇందులో శిష్యుడి దోషం లేదు. గురువు పాడి ఆపడం, శిష్యుడు అందుకోవడం అనే పాత పద్ధతే ఇందుకు విరుగుడు.

తంబుర మాయం

ఏకధాటిగా వచ్చే శబ్దాన్ని ఫ్యాన్ రొదగా భావించి తొలగించేలా వీడియో కాల్ యాప్‌లు తయారయ్యాయి. శ్రుతి కూడా ఏకధాటి నాదమే కావడంతో తంబుర ధ్వని తెగిపోతుంది. దీర్ఘంగా నిలిపిన షడ్జమం సైతం మధ్యలో సన్నగిల్లవచ్చు. అది చూసి శిష్యుడికి దమ్ము చాలలేదని పొరబడే ప్రమాదం ఉంది.

గ్రంథాలున్నా చెవే ప్రమాణం

గమకాన్ని కాగితంపై పెట్టే ప్రయత్నాలు కొత్తవి కావు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో, గమక సంకేతాలతో ముద్రితమైంది. వృత్తిరీత్యా వైద్యుడైన డాక్టర్ శ్రీపాద పినాకపాణి స్వరపరచిన రచనల సంపుటాలు సంగీత సౌరభం పేరిట వెలువడ్డాయి. అయినా ఒకే గాంధారం తోడిలో ఒకలా, ఖరహరప్రియలో మరోలా ఎందుకు పలుకుతుందో వినికిడి వల్లే బోధపడుతుంది. గురువు పాడిన పాఠాన్ని రికార్డు చేసుకుని పదేపదే వినే వీలు ఉండటం ఈ విధానంలోని గొప్ప సౌలభ్యం.

అదే సమయంలో ఏళ్ల తరబడి తెరపైనే నేర్చినవారు తొలిసారి మృదంగం పక్కన కూర్చున్నప్పుడు తడబడే అవకాశం ఉంది. సెలవులకు స్వస్థలం వచ్చినప్పుడు గురువు ఎదుట కూర్చుని తాళం సరిచూసుకోవడం అవసరం. నగరంలో ఉన్నవారికి రాంకోఠిలోని త్యాగరాజ, సికింద్రాబాద్‌లోని భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు అందుబాటులో ఉన్నాయి.

ఈ జాగ్రత్తలు పాటిస్తే..

* యాప్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ వంటి సదుపాయం ఉంటే దానిని ఎంచుకోవాలి.
* ఇరువైపులా ఒకే శ్రుతిలో ఎవరి తంబుర వారు పెట్టుకోవాలి.
* స్పీకర్ బదులు తీగ ఉన్న హెడ్‌ఫోన్ వాడాలి. బ్లూటూత్‌తో జాప్యం పెరుగుతుంది.
* తాళం శిష్యుడే వేయాలి. గురువు విని దిద్దాలి.
* మూడు కాలాల సాధనను తాళంతో విడిగా రికార్డు చేసి గురువుకు పంపాలి. అందులో జాప్యం ఉండదు కనుక లయ లోపం స్పష్టంగా తెలుస్తుంది.
* అమెరికాలో మార్చి, నవంబరు నెలల్లో గడియారం మారుతుంది. పాఠం వేళ ముందే సరిచూసుకోవాలి.