ఆనెకాయ కింద ఏముంది?

ఓర్వకల్లు రాతివనం చుట్టుపక్కల గొర్రెలు తోలే కాపరుల అరికాళ్లు చూశారా? మడమ చుట్టూ, బొటనవేలి కింద చర్మం పసుపు రంగుకు తిరిగి అట్టకట్టి ఉంటుంది. అది జబ్బు కాదు, కాయ. ఒత్తిడి పడ్డచోట పైపొర మందమై లోపలి కండను కాస్తోంది.

కెన్యాలో వట్టికాళ్లతో నడిచేవాళ్ల పాదాలను పరిశీలించి 2019లో పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. కాయ ఎంత మందంగా కాసినా నేల స్పర్శ తగ్గడం లేదు!

అయితే రాపిడి ఒక్కసారిగా తగిలితే కాయ కాయదు, బొబ్బ లేస్తుంది. ఉగాది ముందు కర్ణాటక నుంచి కర్నూలు, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి శ్రీశైలం నడిచే మల్లన్న భక్తుల పాదాలు బొబ్బలెక్కేది అందుకే.

ఆనెకాయ వేరు. ఇరుకు చెప్పు వల్లనో, వంకరపోయిన వేలి వల్లనో ఒత్తిడంతా ఒకేచోట పడితే, గట్టిపడిన చర్మం మేకులా లోపలికి దిగుతుంది. దానికి వేరు ఉండదు. వేరు తీస్తానని బ్లేడుతో ఎంత తవ్వినా, ఒత్తిడి పోనంతవరకు మళ్లీ మళ్లీ వస్తుంది.

అది ఆనా, పులిపిరా? బొటనవేలితో నిలువునా నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి పుడితే చాలావరకు ఆనె. రెండు పక్కల నుంచి గిల్లినట్టు పట్టుకుంటే నొప్పి ఎక్కువైతే పులిపిరి కావచ్చు. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది. అందులో నల్లని చుక్కలు కనిపిస్తాయి, అరికాలి గీతలు దాని దగ్గర తెగిపోతాయి.

చిటికెనవేలి సందులో తెల్లగా, మెత్తగా ఉండే ఆనె కూడా ఉంది. చెమటకు నాని అలా అవుతుంది. చాలామంది వేలిసందు ఒరిసిందనుకుని వేరే మందు రాస్తుంటారు.

అరికాలిలో నూనె గ్రంథులే ఉండవు. మన సీమ ఎండుగాలికి మడమలు పగలడంలో వింతేముంది? గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నురుగురాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే యూరియా క్రీము రాస్తే చర్మం తేమను పట్టి ఉంచుకుంటుంది. 

జీడిగింజ చమురు, జిల్లేడు పాలు మాత్రం దయచేసి వద్దు. చుట్టూ మంచి చర్మం కాలి పుండవుతుంది. మందుల షాపులో దొరికే ఆనె పట్టీలో ఉండేది సాలిసిలిక్ ఆమ్లం. అది కూడా మంచి చర్మమా, చచ్చిన చర్మమా అని చూడదు. షుగరు ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా అంటించుకోకూడదు. స్పర్శ తగ్గిన కాలిలో కాయ కిందే పుండు పడుతుంది, పైకి తెలియదు. వాళ్ల ఆనెను డాక్టరే చూడాలి.

షుగరులోనే కాదు, కుష్ఠుతో మొద్దుబారిన పాదాలకూ పుండ్లు పడేది నొప్పి తెలియక, పడే ఒత్తిడి తెలియక అని వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ గట్టిగా చెప్పారు. ఆ రోగులకు ఇచ్చిన మెత్తని రబ్బరు అట్టే, ఇప్పుడు షుగరువాళ్లు వేసుకునే ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పుల్లో ఉన్నది.

చెప్పులు కొనడానికి సాయంత్రం వెళ్లండి. పొద్దుగూకే సరికి పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు కాళ్లకూ తొడిగి, నిలబడి చూసి, పెద్ద పాదానికి సరిపోయే జతనే తీసుకోండి.