పులాకా గుంతలో ఉప్పునీళ్లు

తువాలు మునిగిపోతోందంటే మన కళ్లముందు ఒడ్డు దాటి విరుచుకుపడే అలలే మెదులుతాయి. రాజధాని ఫునాఫుటి జనం చూసేది వేరు. ఏడాది మొదట్లో పెద్దపోటు వచ్చే రోజుల్లో, ఒడ్డుకు దూరంగా ఇళ్ల మధ్యనే, రన్‌వే పక్కనే నేలలోంచి బుడబుడా నీళ్లు ఊరుతాయి. అవి ఉప్పునీళ్లు.

తప్పు నేలదే. పసిఫిక్‌లోని ఈ తొమ్మిది దీవులూ కలిపితే 26 చదరపు కిలోమీటర్లు, జనాభా 11 వేలు. కొండ లేదు, ఏరు లేదు. పగడాల దీవులు ఎలా పుడతాయన్న డార్విన్ సిద్ధాంతాన్ని తేల్చుకుందామని లండన్ రాయల్ సొసైటీ 1896-98 మధ్య ఫునాఫుటిలో బోరు వేయించింది. 340 మీటర్లు దిగినా తగిలింది పగడాల సున్నపురాయే. ఒళ్లంతా చిల్లులున్న రాయి అది. దానిమీద ఊరంటే జల్లెడ మీద ఊరే. గోడ కడితే అల ఆగుతుందేమో గానీ, గోడ కిందినుంచి వచ్చే నీరు ఆగదు.

మంచినీళ్లూ ఆ జల్లెడలోనే ఉన్నాయి. ఇంకిన వాన, బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. తాతముత్తాతలు ఆ పొర అందేదాకా గుంతలు తవ్వి, ఆకులలములు ఎరువుగా వేసి పులాకా పండించారు. ఇది మన చేమకు చుట్టమే, కాకపోతే ఆకు మనిషిని దాటి లేస్తుంది. సముద్రమట్టం 30 ఏళ్లలో దాదాపు 15 సెంటీమీటర్లు పెరిగింది. చాలా గుంతలకు ఉప్పెక్కింది. ఆకు పసుపుబారితే కింద దుంప కుళ్లుతున్నట్టే. ఇప్పుడు చాలా ఇళ్లలో దిగుమతి బియ్యమే తిండి. తాగడానికి కప్పు మీద పడ్డ వాననీరే. 2011లో వానలు మొహం చాటేస్తే అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడో తిరకాసుంది. 1971 నుంచి 2014 దాకా తీసిన చిత్రాలను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, తువాలు భూభాగం 2.9 శాతం పెరిగిందని 2018లో ప్రకటించారు. అలలు పగడపు ముక్కలను, ఇసుకను తెచ్చి కొన్ని దీవుల ఒడ్డున పోస్తాయి మరి. ముంపు కట్టుకథన్నవాళ్లకు ఇది పండగే అయింది. లెక్క నిజమే. కానీ ఒడ్డున ఇసుక మేట వేసినంత మాత్రాన గుంతలో నీళ్లు తియ్యగా మారవు కదా!

ప్రభుత్వం ఊరుకోలేదు. 2023 నాటికి ఫునాఫుటి తీరాన ఇసుక పోసి, 780 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున ఎత్తైన కొత్త నేల తయారుచేసింది. అదే ఏడాది ఆస్ట్రేలియాతో ఫలెపిలి ఒప్పందం మీద సంతకం పెట్టింది. దాని ప్రకారం లాటరీలో ఎంపికైన 280 మంది ఏటా అక్కడికి వెళ్లి స్థిరపడవచ్చు. 2025లో జరిగిన తొలి లాటరీకి కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లిచ్చారు.