నీటి తొట్టి వద్ద కందిరీగలు: గృహస్థులు తీసుకోవలసిన జాగ్రత్తలు

బెంగళూరులో వేసవి వచ్చిందంటే పెరటి నీటి తొట్టి వద్దనో, మిద్దె మీది ట్యాంకు వద్దనో కందిరీగలు ముసరడం చాలా ఇళ్లలో కనబడేదే. బట్టలు ఉతికే చోటు, పిల్లలు ఆడుకునే చోటు కూడ అదే కావడం వల్ల దీనిని ఉపేక్షించరాదు. అట్లని భయపడి తొందరపడితే ప్రమాదం మరింత పెరుగుతుంది. అవి ఎందుకు వస్తాయో తెలిస్తే నివారణ సులభం.

ఎందుకు వస్తాయి?

కందిరీగలు కర్ర పీచును నమిలి, తడిపి, కాగితం వంటి గూడు కడతాయి. ఎండ ముదిరినప్పుడు నీటి బొట్లు తెచ్చి గూటిపై ఉంచి, రెక్కలతో విసరి దానిని చల్లబరుస్తాయి. కనుక అవి తొట్టి వద్దకు పదేపదే వస్తున్నట్లయితే సమీపంలో గూడు ఉండవచ్చునని గ్రహించాలి. మొక్కలను తినే గొంగళి పురుగులను అవి వేటాడతాయి. అందువల్ల మనుషుల రాకపోకలకు దూరంగా ఉన్న గూటి జోలికి పోనవసరం లేదు.

చేయవలసినవి

1. కారే కుళాయిని, గొట్టాన్ని వెంటనే బాగు చేయించాలి. తొట్టికి, సంపుకు బిగువైన మూత ఉంచాలి. దీనివల్ల డెంగీ దోమల బెడద కూడ తగ్గుతుంది.
2. రాలిన జామ, సపోటా, మామిడి పండ్లను ఏ రోజుకారోజు ఏరివేయాలి. చేపలు, మాంసం కడిగిన వ్యర్థాలను మూత గల డబ్బాలో వేయాలి.
3. ట్యాంకు అడుగు, కిటికీల పై చూరు, ఏసీ వెలుపలి పెట్టె, మీటరు పెట్టె వంటి చోట్లను వారానికొకసారి దూరం నుండి పరిశీలించాలి.
4. అద్దె ఇంటివారు గూడు కనబడగానే యజమానికి, మిద్దెను వాడుకునే ఇరుగుపొరుగువారికి తెలపాలి.

చేయరానివి

గూటిపై రాళ్లు విసరరాదు, కర్రతో కదపరాదు. కిరోసిన్ పోసి నిప్పు పెట్టడం ఇంటికే ముప్పు. తాగునీటి ట్యాంకు, సంపుల వద్ద పురుగుమందు చల్లరాదు. దారికి అడ్డంగా ఉన్న గూటిని అనుభవం గలవారి చేతనే తీయించాలి. ఇందుకై వార్డు కార్యాలయాన్ని సంప్రదించేటప్పుడు కందిరీగను కన్నడంలో ‘కణజద హుళు’ అనీ, పెద్ద తేనెటీగను ‘హెజ్జేను’ అనీ అంటారని గుర్తుంచుకోండి. రెండింటి గూళ్లను తీసే పద్ధతులు వేరు.

కుట్టినప్పుడు

తేనెటీగ వలె కందిరీగ తన ముల్లును చర్మంలో విడిచిపోదు. ఒకటే పలుమార్లు కుట్టగలదు. కనుక ముందుగా ఆ చోటు నుండి దూరంగా పోవాలి. కుట్టిన చోట సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్క అద్దాలి. చేతికి కుట్టితే వాపు రాకమునుపే ఉంగరం తీసివేయాలి.

పెదవులు, నాలుక లేదా గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా అది ప్రాణాపాయం. సున్నం రాస్తూ, ఉల్లిపాయ రుద్దుతూ కాలయాపన చేయరాదు. వెంటనే 108 లేదా 112 నంబరుకు ఫోన్ చేయాలి. అనేక కందిరీగలు కుట్టినట్లయితే, ఆ క్షణాన రోగి బాగుగానే కనబడినప్పటికీ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ విషం తరువాత మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు.